ఒట్టి ఓకే

సాల్మియా మందుల షాపులో మధ్యాహ్నం షిఫ్టు.
సెలవు మార్చమని అడిగితే
హనాన్ మేడం "ఓకే" అని పెట్టింది.
ఒట్టి ఓకే.
నిన్నటిదాకా వెనకాల ఒక పువ్వు బొమ్మ ఉండేది.

అంతే, కాళ్ళకింద గచ్చు కదిలింది.
పొద్దున తన రొట్టెలో సగం తుంచి పెట్టిన మనిషి
రెండింటికల్లా నన్ను గెంటేసే మనిషైంది.
ఆమె మారలేదని తెలుసు.
తెలిసింది తల దాటి కిందికి దిగదు.

రాజీనామా ఫోన్‌లో ఎప్పుడూ సిద్ధమే,
తేదీ మారుస్తుంటాను.
కడపలో అయితే తాళాలు బల్లమీద విసిరేసి వచ్చాను
మూడు చోట్ల.
ఇక్కడ కోపానికీ అకామా కావాలి.
పని పోతే గది, గది పోతే దేశం.

పోయినేడు ఫర్వానియాలో డాక్టరు జబ్బు పేరు చెప్పాడు,
పేరులోనే సరిహద్దు ఉంది.
నవ్వొచ్చింది నాకు.
పాస్‌పోర్టులో ముద్ర పడిన సరిహద్దు ఒక్కసారే దాటాను,
ఇది రోజుకు పదిసార్లు
వీసా లేకుండా.

ఫ్రీజర్ తెరిచి
ఇన్సులిన్‌తో పాటు ఇచ్చే ఐస్ ప్యాక్‌ను
మణికట్టుకు అదుముకుంటాను.
చలి ఎముకను తాకేదాకా
ఎవరికీ ఏమీ రాయకూడదు.
ఇదీ ఆయన చెప్పిందే. మొదట్లో ఎగతాళి చేశాను.

దగ్గుమందుకు వచ్చాడొక బంగ్లాదేశీ కుర్రాడు.
మూడు వందల యాభై ఫిల్సులు చిల్లర,
రెండుసార్లు లెక్కపెట్టాను, సరిపోయింది.

నాలుగింటికి మేడం లోపలికొచ్చి
"ఫ్రీజర్ తలుపు ఎవరు సరిగా వేయలేదు?"
"నేనే."
"ఓకే."
తల కూడా ఎత్తలేదు, పెట్టెలు లెక్కపెడుతోంది.

ఓకే అంటే ఓకేనే.
కనీసం
ఐదింటిదాకా.