సారవ్వ తాడు

అమాస నాడు పొద్దుగాల
నడుముకు తాడు చుట్టుకొని వస్తది సారవ్వ.
మోటరు ఊడబీకిన పంచాయతీ బోరు మూత తీసి
పామున్నదేమోనని ఓ గులకరాయి ఏస్తది.
ఆనక తాడు కొసకు ట్రాక్టరు నట్టు కట్టి వదుల్తది.

బారకో ముడి.
లెక్క వేళ్లదే, నోరు మెదలదు.
పైకి లాగి, తడిసిన కాడ చెంపకు ఆనించుకుంటది.
కాయలు గాసిన చేతికి తడి తెల్వదు మరి.

మోటరు రూము గోడ మీద బొగ్గుతోని రాస్తది:
దసరకు తొమ్మిది.
దీపాలకు పదకొండు.
గంతే. సలహా చెప్పదు.
ఆ అంకె చూసే మా వాడల మాటలు నడుస్తయి,
ఎవలకెన్ని గుంటలు వరి, ఎవలు ఆముదాలతోని సరిపెట్టుకోవాలె అని.
జనగామ దిక్కు నుంచి మొగులు వస్తది,
మా మీద కూసోకుండనే పోతది.

ఓదెలు వినలే.
ఎడ్ల జతనమ్మి రాత్రికి రాత్రి రిగ్గు బండి దింపిండు.
ఆరువందల ఫీట్లు.
తెల్లారేసరికి పక్క కందిచేనంతా
పిండి జల్లెడ పట్టినట్టు తెల్లటి దుమ్ము.
నీళ్లు దుంకినయి. మూడెకరాలు నాటిండు.
ఊరంతా చూడబోయింది.
అబద్ధమెందుకు, నేనూ రెండు దోసిళ్లు తాగిన.

శివరాత్రి దాటిన అమాసకు
సారవ్వ తాడు సాలలే.
ఇరవయ్యో బార కాడ నట్టు గాలిల్నే ఊగింది.
కొస పట్టుకొని శానసేపు కూసున్నది.
చీరె కొంగు చింపి కట్టింది, అయినా అందలే.
నేను ఇంటికి ఉరికి మా అయ్య మోకు తెచ్చిన.
నలబై ఏండ్లు తాళ్లెక్కిన మోకు
మొదటిసారి భూమిలకు దిగింది.

ఇరవై నాలుగు.
రాస్తుంటే బొగ్గు విరిగింది.

పొట్ట మీదున్న వరి ముంగట
ఓదెలు మోటరు గాలి కక్కింది.
గొర్లను తోలుకొమ్మని కొంరెల్లికి తనే కబురు చేసిండు.
తెల్లారి పగ్గం భుజానేసుకొని బోరు కాడికొచ్చిండు.
"ఎడ్లు లేవు గదా, ఇదెందుకు నాకు. కట్టు" అన్నడు.
ఎవలూ ఏమనలే.
అనేది ఏదో గోడ మీదనే ఉండె.

మిరుగు దాక ఒర్రెకు రాళ్లడ్డం పేర్చినం,
చెల్కల వాలుకు గుంతలు తవ్వినం.
మస్టర్ల పేర్లు పడ్డయో లేదో ఇంకా తేలలే.
ఓదెలు బోరుకిప్పుడు ఐదిండ్ల పైపులు,
యాసంగి వరి ఇంటికి పది గుంటలే.
దానికోసం రెండుసార్లు కొట్లాట కూడా అయింది.

ఈసారి దీపాలకు పన్నెండు.
పగ్గం తడవలే, మోకు తడవలే.
"గీసే దినాలొచ్చినయి సారవ్వా, నా మోకియ్యరాదు" అన్న.
ఆమె ముడి మీద ముడి బిగించి
"ఉండనీ" అన్నది.

కొత్తది పేనుకుంటున్న.
ఎందుకో ఏమో,
తాటిచెట్టుకు కావల్సినదానికన్న
రెండు బారలు పొడుగు.