పోటు వేళలు

గ్రిమ్స్‌బీలో లాండ్రీ షాపు మీది గది.
గురువారం సాయంత్రాలు ఉచిత న్యాయ సలహా.
నా పని టీ పెట్టడం, పేర్లు రాయడం,
ఏడ్చేవాళ్ల వైపు చూడకుండా
కాగితం రుమాళ్ల పెట్టె జరపడం.
కింద యంత్రాలు తిరుగుతుంటే
మా నేల సన్నగా వణుకుతుంది.
వచ్చినవాళ్లు తామే వణుకుతున్నామనుకుంటారు.
కొందరి విషయంలో అది నిజమే.

అతను మొదటిసారి వచ్చినప్పుడు
తలుపు దగ్గరే ఆపేశాను.
ఆరడుగుల మనిషి, చేపల వాసన,
గుమ్మం నిండిపోయింది.
"కేసు మీ మీదా?" అన్నాను.
నోరు జారి అన్నది కాదు.
పదకొండేళ్లుగా ఈ మెట్లెక్కినవాళ్లు
నాకు నేర్పిన ప్రశ్న అది.
"కాదు, మా చెల్లెలి కోసం" అన్నాడు.
కాగితాలు తీసుకుని దిగిపోయాడు.

మళ్లీ గురువారం. మళ్లీ చెల్లెలి కోసమే.
చెల్లెలి జీతం కార్డు లాక్కున్నారట.
రాత్రిళ్లు కారులో పడుకుంటుందట,
పాప లేచేలోపు లోపలికి వెళ్లిపోతుందట,
ఏమీ జరగనట్టు పాలు కాచడానికి.
చెప్తూ చెప్తూ ఒకచోట
"నా బూట్లు బయటికి విసిరి" అని ఆగి
"ఆమె బూట్లు" అని దిద్దుకున్నాడు.
టీ చల్లారిపోయింది.

లాయరు బ్రోనా అతని చేతిని చూసింది.
కుడి అరచేతి వెనక, మణికట్టు దాకా కుట్లు.
"పనిలో కత్తి జారింది."
"ఎన్నేళ్లుగా చేపలు కోస్తున్నారు?"
"ఇరవై రెండు."
"ఏ చేత్తో?"
అతను కుడిచెయ్యి ఎత్తబోయి
సగంలో దించేశాడు.

ఏ కత్తీ తనను పట్టుకున్న చేతిని కొయ్యదు.

ఆల్విన్ థాక్రే. ఆ సాయంత్రం
తన పేరు తనకోసం రాయించుకున్నాడు.
మా ఫారంలో ప్రతి ప్రశ్నా "ఆమె" అనే అడుగుతుంది.
ఆమెను కొట్టారా, ఆమెకు తలదాచుకునే చోటుందా.
నేను పెన్ను తీసుకుని
ఒక్కో "ఆమె"నూ కొట్టేసుకుంటూ పోయాను,
పద్నాలుగు చోట్ల.
క్షమించమనడానికి నాకు చేతనైంది అదే.

"పోలీసుల్ని పిలిచారా?"
"రెండుసార్లు. నేనే పిలిచాను.
రెండుసార్లూ నన్నే తీసుకెళ్లారు."

సాక్ష్యం ఏమైనా ఉందా అంటే
కోటు లోపలి జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు,
రేవులో ఏటా అమ్మే పోటు వేళల పట్టిక.
అంకెల పక్కన పెన్సిల్‌తో చీమల్లాంటి అక్షరాలు.
ఫిబ్రవరి తొమ్మిది, పోటు ఐదూ నలభై. కెటిల్.
ఫిబ్రవరి ఇరవై, పోటు మూడూ పది. మెట్ల మీద. టామ్సిన్ చూసింది.
నీళ్లదొక పోటు, ఇంటిదొక పోటు,
ఒకే వరసలో.
మార్చి ఒకటి: ఏమీ లేదు.
ఆ "ఏమీ లేదు" కింద రెండు గీతలు,
పండగ రోజుకి గీసినట్టు.

బ్రోనా ప్రతి పేజీ ఫొటో తీసింది.
యంత్రాలు ఆగి, మళ్లీ తిరిగి, మళ్లీ ఆగాయి.
"దగ్గరికి రాకూడదన్న ఉత్తర్వు అడుగుదాం" అంది.
అతను ఆ మాటను
వేరే దేశపు నాణెంలా అటూ ఇటూ తిప్పి చూశాడు.
"తను చెడ్డది కాదు" అన్నాడు.
ఇక్కడికొచ్చిన ఆడవాళ్లందరూ
సరిగ్గా ఇదే కుర్చీలో అనే మాట.

ఈ మెట్లెక్కేది ఎక్కువగా ఆడవాళ్లే.
అతనొచ్చినంత మాత్రాన అది అబద్ధమైపోలేదు.
తలుపు దగ్గర నా ప్రశ్న మాత్రం మారింది.
ఇప్పుడు "టీలో చక్కెర ఎంత?" అంటాను.

ఉత్తర్వు ఏప్రిల్‌లో వచ్చింది.
పాప ఎవరి దగ్గర ఉండాలన్నది తేలలేదు,
ఆగస్టుకి వాయిదా.
చిప్స్ కొట్టు మీద ఒక గది, రెండు మంచాలు,
వారానికి నాలుగు రోజులు రెండోది నిండుతుంది.

మొన్న వచ్చాడు, కేసు పని కాదు,
నా గొడుగు తిరిగివ్వడానికి.
జేబులో ఆ పుస్తకమే. అడిగితే ఇచ్చాడు.
మే నెలంతా వట్టి అంకెలు, వట్టి సముద్రం.
జూన్ పన్నెండు, పోటు ఏడూ పదిహేను:
టామ్సిన్ పన్ను ఊడింది. కింది వరస.
తర్వాతి పేజీ తిప్పబోతే
చెయ్యి అడ్డం పెట్టాడు.