కాలని కార్డు

ఈ స్టేషన్‌లో నా పని చిన్నది.
పొద్దుగూకాక గాజుగోళం వెనక నుంచి
పాత కార్డు తీసి కొత్తది దూర్చడం.
పగలంతా ఆ గోళం ఎండను సూదిమొనంత చేసి
నీలం అట్టమీద కాల్చుకుంటూ పోతుంది.
కాలినంత మేర ఎండ.
కాలనిచోట లేదు.
ఇరవై రెండేళ్లుగా ఇదే లెక్క.

మా సాల్ దీవిలో వాన అరుదైన చుట్టం.
అది వచ్చిపోయిన మర్నాడు చూడాలి కార్డు!
గాటు అవతలి దాకా తెగి
అందులోంచి నా వేలు కనపడుతుంది.
గాలిలో అడ్డమొచ్చేవాళ్లెవరూ లేరన్నమాట.

జనవరిలో తూర్పు నుంచి ఎడారి వస్తుంది,
అంత సముద్రాన్నీ కాళ్లు తడవకుండా దాటి.
పొడి మంచు అంటాం మేం.
ఆరేసిన దుప్పటి ఎర్రబడుతుంది, పళ్లకింద కరకర.
తియొదోరు పడవ ఇసుకలో బోర్లా పడుకుంటుంది
"నీళ్లకీ నింగికీ మధ్య గీతే లేదు,
దేన్ని చూసుకుని తిరిగి రాను?"
సూర్యుడు ఉంటాడు,
ఉతికి ఉతికి వెలిసిన చొక్కా బొత్తాంలా.

సెప్టెంబరుది వేరే తెలుపు.
అలలు చిమ్మిన ఉప్పు, కంటికి ఆననిది,
తేమ తాగి తాగి ఉబ్బుతుంది.
ఉప్పుమడుల్లో నడుం వంచిన మా నాన్న
ఆకాశం వైపు గడ్డం ఎత్తి
"జాడీకి మూత పెట్టడం మరిచారు" అనేవాడు.
అప్పుడు నీలం పోతుంది, ఉక్క పోదు.
కార్డు కూడా చెమర్చి, సన్నగా కమిలి ఊరుకుంటుంది.

మొన్న దుమ్ము మూడోరోజు.
పక్కింటి ఇవనీల్డ, ఆరేళ్ల పిల్ల,
పెరడంతా వెతుకుతోంది:
"జుల్మీరా పెద్దమ్మా, నా నీడ ఏదీ?"
వెలుతురు ముందునుంచీ వెనకనుంచీ
కోళ్ల కడుపుల కిందనుంచీ కూడా వస్తుంటే
నీడ ఏ పక్కన పడుతుంది?
అలా చెప్పాను. నమ్మలేదు.
చెప్పు ఎత్తి దానికింద చూసింది.

సాయంత్రం కార్డు తీశాను.
కాలిన మచ్చ ఒక్కటీ లేదు.
ఫోన్లో అదిల్సన్, "సున్నా రాసెయ్" అన్నాడు.
పదకొండు గంటలు కళ్లు చికిలించుకుని తిరిగాను,
గుడ్డలు ఆరాయి, పెదాలు పగిలాయి.
సున్నా.
రాశాను.

అట్టమీద మాత్రం పల్చగా గోధుమరంగు పొర.
పిల్ల అడక్కుండానే వేలు పెట్టి
ఈ చివర నుంచి ఆ చివరకి
వంకరగా ఓ గీత గీసింది,
మధ్యాహ్నం దగ్గర కాస్త ఆగి.

తుడవలేదు నేను.
తేదీ వేసి
మిగతావాటితో పాటే పెట్టెలో పెట్టాను.