లాకుల దగ్గర కొండగువ్వ

గోదారి రెండో ప్రమాద హెచ్చరిక దాటిన ఏడు
మూడురోజుల ముసురు ఇంకా విడవకముందే
లొల్ల లాకుల మీద, సామాన్ల షెడ్డు వెనక
నేరేడు చెట్టులో ఏదో వచ్చి చేరింది.

నేను చూళ్ళేదు.
విన్నాను.
ఖాళీ కాగులో ఎవరో మూతి పెట్టి
"ఊఁ... మ్" అన్నట్టు
ఒక్కసారి. ఎంతసేపటికో ఇంకోసారి.
తలుపు చక్రం కింద నీళ్ళు గుటకేస్తున్నాయనుకుని
గ్రీజు డబ్బా పట్టుకుని పరిగెత్తాను.

వెదురు తెప్పలు దింపుకొచ్చే కెచ్చెల సోమిరెడ్డి
గట్టుమీద చుట్ట ఆర్పి, చెవి ఒగ్గి,
"మా కొండగువ్వే. గాలికి దారి తప్పుంటది" అన్నాడు.
దాని సంగతి చెప్పమంటే
పక్కింటోళ్ళ కాపురం గురించి చెప్పినట్టు చెప్పాడు:

"నేల మీద కాలు పెట్టదు బాబూ,
ఎప్పుడో ఉప్పుమన్ను తినడానికి తప్ప.
గింజలేరుకోదు. పురుగు ముట్టదు. పండే.
ముక్కు చూస్తే ఇంతే. అడవి జాజికాయ పెట్టు,
పాము నోరైపోద్ది.
నమలదు, కొరకదు. పైది అరిగించుకుని
విత్తనాన్ని విత్తనంలాగే వదిలేస్తది.
మా తాత నాటని చెట్లన్నీ దాని తాత నాటినవే.
గూడా? పది పుల్లలు. కింద నిలబడితే
గుడ్డు కనబడిపోద్ది.
ఒక్కటే గుడ్డు."
అని వేలొకటి ఎత్తి
దించడం మర్చిపోయాడు.

ఇక్కడ దానికి ఏముంది?
కొబ్బరికాయ మింగలేదు. వరి పిచ్చుకల కూడు.
నేరేళ్ళు అప్పటికే రాలిపోయాయి.
మా నూకరత్నం అరటిపండు వలిచి గోడమీద పెట్టింది,
ఉడతలు తినిపోయాయి.
నేను తలెత్తినప్పుడల్లా ఒక ఆకు కదిలేది,
దాని వెనక బూడిదరంగుది ఏదో
ఇంకో ఆకైపోయేది.

ఐదోనాడు నీరు తీసింది. తలుపులెత్తాం.
ఆ హోరులో వెళ్ళిపోయుంటుంది,
పాపికొండల వైపో,
ఎటూ కాకుండానో.
రిజిస్టరులో నీటిమట్టం రాశాను, వానపాతం రాశాను.
రిమార్కుల గడి ఎప్పట్లాగే ఖాళీ.

మొన్న వేసవిలో కాలవ కట్టేశాక
గోడ సందుల్లో మొక్కలు పీకమని ఏఈ గారి ఆర్డరు.
రావి మొక్కలు పీకాను, జిల్లేడు పీకాను.
నేరేడు నీడలో, మడమంత మట్టి పేరుకున్న చోట
ఒకటి. ఈ లంకల ఆకు కాదు.
గిల్లితే ఎర్రగా, కోడి మెడ కోసినట్టు కారింది.
సోమిరెడ్డినడుగుదామంటే
తెప్పలు రావడం మానేసి రెండేళ్ళు.

కొడవలిని దాని పక్కనుంచి పోనిచ్చాను.
ఈ ఎండకి బతకదనే అనుకుంటాను.
బతికి కాసినా మింగేవాళ్ళెవరు?
ఆ సాయంత్రం రిమార్కుల గడిలో
చిన్న ఆకొకటి గీశాను.
ఏఈ గారు అడిగితే
కలం కక్కిందని చెబుతాను.