మందు ముట్టను

రెండూ తెల్లనివే.
సిరంజిలోకి ఎక్కాక ఏది ఏదో
నాకు తెలియకూడదు, అదీ నియమం.
ఒకటి నరంలో మంట పెట్టి
బీపీని మెట్టు మెట్టుగా దింపుతూ పండబెడుతుంది.
రెండోది గుండె జోలికి పోదు, కానీ
కాళ్ళూ చేతులూ గొర్రెపిల్ల తన్నుకున్నట్టు ఎగరేస్తుంది,
లేచాక వాంతులు.
ఏది భద్రం, ఏది నికరం
తేల్చమని నా థీసిస్.
అరవై మంది, అరవై మూసిన కవర్లు.
సిస్టర్ వసుంధర కవరు చింపి
నాకు వీపు తిప్పి మందు నింపుతుంది.

పాలమూరు పెద్దాసుపత్రి. ఇరవై మూడో నంబరు
కావలి కుర్మయ్య, కోయిలకొండ దిక్కు,
పిత్తసంచిలో రాళ్ళు.
"నలభై ఏండ్లు రాయి గొట్టిన బిడ్డా,
పగ వట్టి కడుపుల జొచ్చింది" అని తనే నవ్వాడు.
మందు తాగుతావా అని అడిగాను.
"మందు ముట్టను"
నెత్తి మీద చెయ్యి పెట్టుకుని చెప్పాడు.
'లేదు' దగ్గర టిక్కు పెట్టాను.

నా చేతిలోదీ మందే,
అతను ముట్టననదీ మందే.
కల్లు సంగతి నేనడగలేదు,
కల్లును మందని వాళ్ళ ఊళ్ళో ఎవరూ అనరు.

తెల్లారి బల్ల మీద
అంకెలు లెక్కపెట్టమన్నాను.
ఎవరూ ఏడు దాటరు.
గద్వాల టీచరమ్మ ఒకామె తొమ్మిది దాకా పోయింది.
కుర్మయ్య పన్నెండు, పదమూడు...
తెలుపంతా నరంలోకి పోయింది.
పంతొమ్మిది.
సర్జన్ గ్లవ్స్ చేతులు గాల్లోనే ఉన్నాయి.
ఇరవై ఒకటి దగ్గర కళ్ళు తెరిచి,
"ఇంక శురు జెయ్యలేదా?"

ఇంకో సిరంజి, తర్వాత గ్యాసు.
అప్పుడు పడిపోయింది బీపీ, బావిలో బొక్కెన తెగినట్టు.
మేడం అరిచింది, కవరు విప్పమని.
కవరు విప్పిన ఆ క్షణాన
కుర్మయ్య నా లెక్కలోంచి వెళ్ళిపోయాడు.
బతికాడు. రాళ్ళు పదకొండు.
సీసాలో వేసిస్తే, మంచి కంకర అన్నాడు.

రెండో రాత్రి దుప్పటి మీద చీమలు ఏరుతున్నాడు,
లేని చీమలు.
చేతులు రెండూ వణుకు.
వాళ్ళావిడ అంజిలమ్మ నా చెవి దగ్గరికొచ్చి,
"డిపో కల్లమ్మా. పొద్దున రెండు సీసలు, మాపు మూడు.
చెట్టుది గాదు, పొడి గలుపుతరట."
ఏం పొడి?
"ఏమో. పండవెడ్తది."

ఆ పొడికి నా పుస్తకంలో పేరుంది,
కిలో బరువుకు ఇంతని కొలత ఉంది.
ఎవడో మత్తు డాక్టరు, చదువు లేనివాడు,
కవరు లేకుండా, మానిటర్ లేకుండా
ఊరికి ఊరినే నిద్రపుచ్చుతున్నాడు,
లేవనివాళ్ళను రాసుకునే గడి
ఏ రిజిస్టరులోనూ లేదు.

ఆమె కొంగు చాటు నుంచి నీళ్ళ బాటిల్ తీసింది.
"ఒక్క గుక్క వోస్తే ఊకుంటడు."
ట్యూబ్ లైటు కింద పట్టి చూశాను.
మూడో తెలుపు.
వద్దన్నాను.
బీరువా తాళం తీసి
ఆ పొడికి అన్న వరసయ్యేదాన్నే
సూదిలో కొలిచి ఇచ్చాను.
చీమలు తగ్గాయి.
అంజిలమ్మ సూదినీ బాటిల్‌నీ
మార్చి మార్చి చూసి,
"మీ కల్లు వేరేనా అమ్మా?" అన్నది.

ఏం చెప్పాలో తెలియలేదు.
ఎంతిచ్చానో రాశాను, టైము రాశాను,
కింద సంతకం పెట్టాను.

మిగిలిన ముప్పై ఏడు ఫారాల మీద
ఆ ప్రశ్న పక్కన
'కల్లు?' అని చేత్తో రాసుకున్నాను.
పద్నాలుగు మంది అవునన్నారు,
టీ తాగుతారా అని అడిగినట్టు.