ఆగస్టు ఊసు

"ఏ నెలలో వస్తే బావుంటుందండీ?"
అటు ఫోన్లో విజయవాడ ఫ్యాను చప్పుడు.
ఇటు సెమిలిగుడ స్టాండులో నేను,
బోనెట్ మీద చల్లారుతున్న టీ.

ఏళ్లుగా ఒకటే జవాబు,
పంటి కింద వక్కలా నలిగి నలిగి ఉంది:
అక్టోబరు ఆఖర్లో రండి.
పొట్టంగి దాటాక వలిసె పూలు.
కొండకి ఎవరో పసుపు రాసి
కడగడం మరిచిపోయినట్టుంటాయి.
ఫొటోలు బాగా వస్తాయి.
దేవమాలి మీదికి రోడ్డు గట్టిపడుతుంది.

డిసెంబరైతే స్వెట్టర్లు తెచ్చుకోండి.
తెల్లారేసరికి గడ్డి మీద మంచు ఉప్పులా పేరుతుంది,
పిల్లలు గీకి నాకుతారు.
ఆ నెల లాడ్జి రేటు రెండింతలు.
కుందులి సంతలో అల్లం కూడా
మీ ముఖం చూసి ధర మార్చుకుంటుంది.
నా జీపూ అంతే, దాపరికం లేదు.

ఏప్రిల్లో
కింద సాలూరు పెనం మీద అప్పడంలా కాలుతుంటే
ఇక్కడ రాత్రికి దుప్పటి కావాలి.
చైత్ర పరబ్ రోజుల్లో మాత్రం
దారికడ్డంగా వెదురు పట్టుకుని
ఆడపిల్లలు డబ్బులడుగుతారు.
ఇచ్చేయండి. ఇవ్వకపోతే మిమ్మల్ని పాటలో పెడతారు.
ఆ పాట నాకు అర్థమవుతుంది,
మీకు చెప్పను.

వానల్లోనా?
వద్దండీ.
సుంకి ఘాటీలో బండలు దిగుతాయి,
జలగలు సాక్సు దాటి వస్తాయి,
అసలు కొండే కనబడదు. డబ్బులు దండగ.

అని అందరికీ చెప్తాను.

ఒక ఆగస్టులో ఒకావిడ వచ్చింది, వరహాలమ్మ.
పార్వతీపురం ఆసుపత్రిలో నర్సుగా చేసి దిగిపోయిందట.
ఒక్కతే. ఒక గొడుగు,
స్టీలు డబ్బా నిండా వేరుశెనగ ఉండలు.
చెప్పాల్సిందంతా చెప్పాను.
"చూడ్డానికి రాలేదు బాబూ, పోనీ" అంది.

పైన ఏమీ లేదు.
వైపరు తుడిచిన చోటల్లా తెలుపే.
ముందు చక్రం ఎక్కడుందో నాకే అనుమానం.
"ఇదేనా శిఖరం?"
"ఇదేనమ్మా. అంటే, ఇక్కడే ఎక్కడో."
"ఇంజను ఆపు."

అక్కడ నేనెప్పుడూ ఇంజను ఆపింది లేదు.
చలికి మళ్లీ అందుకోదని భయం.
గిరాకీలు ఫొటోలు దిగి వచ్చేదాకా
దడదడమంటూనే ఉంటుంది.
ఆపాను.

మొదట చెవుల్లో జీపే మోగింది.
తర్వాత రాళ్ల కింద ఎక్కడో గెడ్డ,
ఇంకా పేరు పెట్టనంత సన్నంగా.
తర్వాత కొయ్యగంట, టొకు, టొకు,
మబ్బులో నడుస్తున్న ఆవు,
దాని వెనక మనిషి దగ్గు.

సొంబారి కొడుకు బుద్రా.
నెత్తిన గిడుగు, మోకాళ్లదాకా బురద.
ఈ దినాల్లో మనుషులు రారే, అని మమ్మల్ని తేరిపార చూశాడు.
ఆవిడ ఓ ఉండ చేతిలో పెట్టి
"నీకు ఏ కాలం ఇష్టమో అడుగు" అంది నాతో.
అడిగాను.
వాడు చాలాసేపు నమిలాడు.
"చోడి వెన్ను దిగే కాలం.
అప్పటికి ఆకలి కొండ దిగిపోతాది."
ఇంకో ఉండ తీసుకున్నాడు, తినలేదు,
గిడుగు కింద ఎక్కడో దాచాడు.

తిరుగుదారిలో ఆవిడ మాట్లాడలేదు.
పొట్టంగి దగ్గర ఒక్కసారి "బావుంది" అంది.
ఏది, అని నేనడగలేదు.

ఇంజను అందుకుందిలెండి, రెండో తాపుకే.
అప్పట్నుంచి ఏటా ఆగస్టులో ఒకరోజు
సొంత డీజిలు పోయించుకుని పోతాను.
మా ఇంటావిడకి మాత్రం
బ్రేకులు చూపించడానికని చెప్తాను.

"హలో? ఉన్నారా? ఏ నెలండీ మరి?"
"అక్టోబరు ఆఖరి వారం.
నలుగురైతే నాలుగు వేలు.
అడ్వాన్సు వేసేయండి, పూలు ఆగవు."

ఆగస్టు ఊసు ఆయన ఎత్తలేదు.
టీ మీద మీగడ కట్టింది.