సబ్బు చెయ్యి

మొదటి ప్రాజెక్టు తీగతో.
"గీత కాగితం దిగి గాల్లో నిలబడాలి" అన్నారు సిబిందీ సారు.
బులవాయో రైల్వే యార్డు కంచె పక్కన
తుప్పు పట్టిన తీగ మూరెడు మూరెడుగా ఏరుకొచ్చి
కోడిని చేద్దామని కూర్చున్నాను.
సాయంత్రానికి తయారైంది
కోడి పారిపోయిన గంప.
క్లాసంతా నవ్వింది.
సారు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి
"కోడి కనబడటం లేదు గానీ
లేదన్న సంగతి మాత్రం బాగా కనబడుతోంది" అని
పదికి అయిదు వేశారు.
మెచ్చుకున్నారో, దెప్పారో
ఇంకా తేల్చుకోలేదు నేను.

రెండోది మట్టి తల.
బడి గేటు ముందు మొక్కజొన్న కండెలు కాల్చే మాన్‌కూబేని అడిగితే
"తలే కదా, తీసుకో" అంది.
కూర్చుందే గానీ
బేరం వచ్చినప్పుడల్లా ముఖం మారిపోయేది.
అరువు అడిగేవాడికి ఒక నుదురు,
చిల్లర లేనివాడికి ఇంకో నోరు,
పొగ కళ్లల్లో పడితే ఎవరివో కళ్లు.
తొమ్మిది రోజులు దిద్దాను.
ఏ ముఖం ఆమెదో ఎంచుకోలేక
అన్నిట్లోంచీ కొంచెం కొంచెం తీసి పెట్టాను.
బట్టీలో అది పగిలిపోయింది.
మట్టిలో గాలి మిగిలిందన్నారు సారు.
బొటనవేలంత గాలి.
ముఖం మీద తొమ్మిది రోజులు పెట్టినదాన్ని
మట్టి పిసకడానికి పావుగంట పెట్టలేకపోయాను.

"నా తల ఏమైంది?" అని రోజూ అడిగేది మాన్‌కూబే.
"ఆరుతోంది."
"ఇంకానా?"
"పెద్ద తల కదా."
మూడో వారం నిజం చెప్పేశాను.
కండె మాడేదాకా నవ్వింది.
"ఏమైనా మిగిలిందా?"
జేబులోంచి చెవి తీసి చూపించాను.
"ఇటివ్వు. బేరాలు వినేది అదే" అని
డబ్బుల డబ్బాలో వేసుకుంది.

ఇక సబ్బు.
బట్టలుతికే ఆకుపచ్చ సబ్బు కడ్డీ,
కూరలు తరిగే కత్తి, నా ఎడమ చెయ్యి.
చూసి చెక్కడమే కదా అనుకున్నాను.
పుట్టినప్పటినుంచీ నాతోనే ఉన్న చెయ్యి,
ఉంగరపు వేలు అంత వంకరని
ఆ రోజు దాకా నాకు తెలియదు.
గోళ్లు, మడతలు, మణికట్టు ఎముక
అన్నీ వచ్చాయి.
మొదటిసారి, అనుకున్నది అనుకున్నట్టు.
పొద్దున్నే తీసుకెళ్దామని
కొళాయి గట్టు మీద పెట్టి పడుకున్నాను.

మా పేటకి నీళ్లు గురువారం వస్తాయి.
ఆ వారం బుధవారం రాత్రే, మూడింటికి వచ్చాయి.
సితోకోజీలే పిన్ని చీకట్లో లేచి
బకెట్లు నింపి, బానలు నింపి,
బాబాయి వర్క్‌షాపు ఓవరాల్స్, దుప్పట్లు,
నా యూనిఫాం కూడా ఉతికి పడేసింది.
చేతికందిన సబ్బుతో.

తెల్లారి చూస్తే గోళ్లు లేవు.
చిటికెన వేలు లేదు.
మిగతా వేళ్లు ఒకదానికొకటి అతుక్కుని
చలికి ముడుచుకున్నట్టున్నాయి.
ఏడ్చాను. అరిచాను కూడా.
పిన్ని తడి చేతులు లంగాకి తుడుచుకుంటూ
"అయ్యో, నీ చెయ్యా అది?
అరచేతిలో భలే ఇమిడిందిలే" అంది.
అప్పుడు చూశాను ఆమె చేతులు.
గోళ్లు అరిగి, కణుపులు నునుపెక్కి,
గట్టు మీదున్న దానికి అక్కచెల్లెళ్లలా.

మార్చడానికి టైం లేదు. అదే పట్టుకెళ్లాను.
"ఎవరు చెక్కారు?" అన్నారు సారు.
"సగం నేను. తర్వాత పిన్ని. తర్వాత నీళ్లు."
సారు నవ్వలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.
మార్కు ఇంకా వేయలేదు.
ఎవరికి వేయాలో తెలియడం లేదట.

వచ్చే టర్ము రాయి.
నా ముక్క వచ్చేసింది, పిల్లి పడుకున్నంత.
సుత్తి ఇంకా ఎత్తలేదు.
రాతికి రబ్బరుండదు మరి.
పొడిగా ఉంటే బూడిద రంగే,
తడిస్తే గానీ లోపలి ఆకుపచ్చ గీతలు కనబడవట.
కొళాయి కింద పెట్టి ఉంచాను.
ఎల్లుండి గురువారం.